వీపు వెనక జూన్ నెల

కోల్బీ రాన్స్‌డెల్ శనివారం పొద్దున తొమ్మిదింటికి వస్తున్నాడని ఓర్విల్ జెలెంకా వారం రోజులుగా పోర్ట్ హెన్లీ అంతా చాటాడు. పెట్రోలు బంకులో అమ్మాయికి చెప్పాడు, చర్చిలో పాదిరికి చెప్పాడు, మోకాలికి సూది వేసే డాక్టరుకు సూది దిగుతుండగానే చెప్పాడు. ఆ శనివారం రానే వచ్చింది. తొమ్మిది దాటి చాలాసేపయింది. మేవిస్ కాఫీ హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర, ఓర్విల్ ఎదురు కుర్చీ ఖాళీగానే ఉంది. అందులో ఇంకెవరూ కూర్చోకుండా ఆయన తన టోపీ పెట్టి ఉంచాడు.

ముప్పై ఏళ్ళ కిందట ఓర్విల్ ఈ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు హారియర్స్‌కి ఆడాడు. జట్టులో బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. కుడిచేతివాటం వాడు విసరడానికి చెయ్యి వెనక్కి తీసినప్పుడు, ఎడమవైపు నుంచి మీదికొచ్చేవాడు వాడికి కనపడడు. ఆ కనపడని పక్కన నిలబడి వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఆపడమే ఓర్విల్ పని. కోల్బీ కాలేజీ నుంచి నేరుగా ఈ జట్టులోకి వచ్చిన రోజు నుంచి, వాణ్ణి పడమటి జట్టుకు ఇచ్చేసిన రోజు దాకా, ఆ ఎడమ పక్కన ఉన్నవాడు ఓర్విలే. మళ్ళీ ఇద్దరూ కలుసుకోలేదు. కోల్బీ ఇప్పుడు ఆ పడమటి జట్టులో కుర్ర క్వార్టర్‌బ్యాక్‌లను తయారుచేసే కోచ్. రేపు ఆదివారం ఆ జట్టు ఇక్కడ హారియర్స్‌తో ఆడబోతోంది.

కలుసుకోలేదన్న మాటేగాని, ప్రతి క్రిస్మస్‌కీ కోల్బీ దగ్గర్నుంచి మంచుగడ్డల్లో పెట్టిన మాంసం పెట్టె వస్తుంది. తన ముందు నిలబడి దెబ్బలు కాసినవాళ్ళకు క్వార్టర్‌బ్యాక్ కడుపునిండా పెట్టాలన్నది ఆ ఆటలో పాత మర్యాద. ఓర్విల్ ఆ మాంసం తింటాడు. ఖాళీ పెట్టె మాత్రం పారెయ్యడు. వాటితో గరాజు నిండిపోయి, కారు బయట మంచులో తడుస్తూ ఉంటుంది.

“వస్తాడు,” అన్నాడు ఓర్విల్, ఎవరూ అడక్కుండానే.

“వస్తాడులే,” అన్నాడు హార్లన్ టిబెట్స్. ఊళ్ళో ఇంటింటికీ టపా పంచి రిటైరైనవాడు, చేపల గాలపు కర్రలా ఉంటాడు. “మా మరదలు కూడా ఇలాగే ప్రతి ఏడూ వస్తానంటుంది.”

“వాడికి జట్టు మీటింగు ఉండి ఉంటుంది. కోచ్ పనంటే ఏమనుకున్నావురా, నీలాగా కుక్కల్ని తప్పించుకుంటూ కరెంటు బిల్లులు పడేసి రావడమా?”

“అసలు నిన్ను గుర్తుపడతాడంటావా?” అన్నాడు డ్యూయీ బ్రాంట్. ఇళ్ళకు పైకప్పులు వేస్తాడు. మంచు రోజుల్లో పనుండదు కనక పొద్దస్తమానం ఇక్కడే ఉంటాడు.

ఓర్విల్ కప్పు కింద పెట్టాడు. డ్యూయీ మామూలుగానే అన్నాడు గాని, ఆ మాట వెళ్ళి తగలాల్సిన చోటే తగిలింది.

“నన్నా? ఒరేయ్, వాణ్ణి పెంచిందే నేను.”

“మొదలైంది,” అంది మేవిస్ కౌంటరు వెనక నుంచి. ఆమె అప్పటికే కాఫీ కెటిల్ అందుకుంది. ఇది త్వరగా తెమిలే వ్యవహారం కాదని ఆమెకు తెలుసు.

“మొదలూ లేదు చివరా లేదు, ఉన్నది చెబుతున్నాను. వాడు వచ్చిన రోజు మీరు చూడాల్సింది. ఓక్లహోమాలో గోధుమ చేల మధ్య ఏదో ఊరు, పుట్టాక మంచు చూసినవాడు కాదు, మెడ చూస్తే కోడిమెడ. ఎర్ర చొక్కా తొడిగారు. ప్రాక్టీసులో క్వార్టర్‌బ్యాక్‌కి ఎర్ర చొక్కా ఎందుకో డ్యూయీకి కూడా తెలుసు.”

“ఎవరూ ముట్టుకోకూడదని.”

“అదీ. మనవాడే మనవాణ్ణి విరగ్గొట్టకుండా. ఆ రోజు అవతలి వరసలో పెద్ద గ్రోవర్ ఉన్నాడు. కాలు జారిందో, కావాలనే చేశాడో, ఆ ఎర్ర చొక్కాకి భుజం తగిలించాడు. తగిలించడమంటే ఎంత, ఈగ వాలినట్టు. నేనేమీ అనలేదు. వాణ్ణి చంకల కింద పట్టుకుని ఎత్తి, తీసుకెళ్ళి నీళ్ళ బండి మీద కూర్చోబెట్టి వచ్చాను. అంతే. ఇదేదో గొప్పని చెప్పట్లేదు, ఎవరైనా చేస్తారు.”

“గ్రోవర్ నీకంటే లావుగా ఉండేవాడు కదరా,” అన్నాడు హార్లన్.

“ఆ రోజుల్లో లావుగా ఉన్నవాళ్ళు కూడా తేలిగ్గా ఉండేవాళ్ళు.”

బయట ఏదో బండి మలుపు తిరిగిన చప్పుడైంది. ఓర్విల్ మాట ఆపి కిటికీలోంచి చూశాడు. మునిసిపాలిటీ వాళ్ళ మంచు తోసే బండి. అది రోడ్డు చివరికి వెళ్ళేదాకా చూసి, మళ్ళీ ఇటు తిరిగాడు. ఈసారి గొంతు కాస్త పెరిగింది.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? సీజను మొదలవుతూనే మా పెద్ద క్వార్టర్‌బ్యాక్‌కి మోకాలు పోయింది. ఇంకేముంది, పిల్లోణ్ణి దింపెయ్యమన్నాడు కోచ్. రెండేళ్ళు బెంచీ మీద కూర్చోబెట్టి, చూపించి, నేర్పించి అప్పుడు దింపాల్సినవాణ్ణి. నేను వెళ్ళి చెప్పాను, అయ్యా, ఇది పచ్చి ఇటుక, బట్టీలో కాలలేదు, అప్పుడే గోడలో పెట్టకండి అని. ఎవరు వింటారు? ఆదివారం వచ్చింది, స్టేడియం నిండా జనం. పిల్లోడు నా వెనక నిలబడి అంకెలు పిలవాలి, ఆ పిలుపు మీద మేమంతా ఒక్కసారిగా కదలాలి. వాడి పళ్ళు కొట్టుకుంటున్నాయి. టకటకటక. ఆ చప్పుడికి మా కుడిపక్క వాడు అదిరిపడి ముందే కదిలాడు. రిఫరీ జెండా విసిరాడు, అయిదు గజాలు వెనక్కి పంపాడు. మళ్ళీ నిలబడ్డాం. టకటకటక. ఈసారి అవతలి జట్టు మొత్తం కదిలింది. వాళ్ళకీ జెండా. మూడోసారి రిఫరీ చేతిలో విజిల్ వణికిపోయి దానంతటదే కూసింది.”

“పై వరసల్లో ఉన్న మాకు వినపడలేదేం?” అన్నాడు డ్యూయీ.

“మీరు తాగి అరుస్తున్నారు కదా, ఎలా వినపడుతుంది? అప్పుడు నేను వెనక్కి తిరక్కుండానే చెప్పాను. పిల్లోడా, నాలుక పళ్ళ మధ్య పెట్టుకో, నీ మీద ఈగ కూడా వాలదు, పూచీ నాది అన్నాను. వెనక్కి తిరక్కుండానే. ఎందుకంటే…”

“ఎందుకంటే?”

“ఎందుకూ లేదు. పళ్ళు ఆగాయి. ఆ రోజు గెలిచాం.”

మేవిస్ వచ్చి అందరి కప్పులూ నింపింది. ఖాళీ కుర్చీ ముందున్న కప్పు వైపు చూసింది. అది పొద్దున్నే పెట్టింది, బోర్లించే ఉంది. దాన్ని ముట్టుకోకుండా పోయింది.

“టోలెడో జట్టులో ఒకడుండేవాడు, టైరెల్ బూన్,” అన్నాడు ఓర్విల్. “మీకు గుర్తుండే ఉంటుంది. వాడు పరిగెత్తితే వాడి నీడ వెనకబడేది. ఆ రోజు వాణ్ణి నా ఎడమచేత్తో పట్టుకున్నాను. కుడిచేతికి పని లేక, చొక్కా అంచు లోపలికి దోపుకున్నాను, హెల్మెట్ పట్టీ సర్దుకున్నాను. వాడు అటు తిరుగుతాడు, ఇటు తిరుగుతాడు, నేను వదలను. నేను వదల్లేదు, వాడు కదల్లేదు, అలాగే ఉండిపోయాం. నమ్ముతారో మానతారో, పొద్దున నున్నగా గడ్డం గీసుకొచ్చినవాడికి మూడో క్వార్టర్‌కల్లా ఇంత గడ్డం మొలిచింది. చివరికి పోట్లాడ్డం మానేసి కబుర్లలో పడ్డాం. వాళ్ళ పెద్దమ్మాయికి లెక్కలు రావట్లేదని బాధపడ్డాడు పాపం. నా వెనక పిల్లోడికి ఎంత తీరికంటే, బంతి చంకలో పెట్టుకుని ఇటొకసారి అటొకసారి పచార్లు చేశాడు.”

“నువ్వు వెళ్ళి వాళ్ళమ్మాయికి లెక్కలు చెప్పలేదా?”

“చెప్పాను. ఇప్పుడా అమ్మాయి బ్యాంకులో పెద్ద ఆఫీసరు.”

హార్లన్ నవ్వేసరికి కాఫీ పొలమారింది. డ్యూయీ వీపు చరిచాడు. ఇంకో కారు వచ్చింది, లోపలికి తిరుగుతున్నట్టే తిరిగి, ఎదురుగా ఉన్న మందుల షాపు ముందు ఆగింది. అందులోంచి ఎవరో ముసలావిడ దిగింది. ఓర్విల్ ఆమెనే చాలాసేపు చూశాడు, ఆమె కోల్బీగా మారుతుందేమో అన్నట్టు.

“పోనీ ఫోన్ చెయ్యకూడదూ?” అంది మేవిస్.

“ఎందుకు చెయ్యాలి? వస్తానన్నవాడికి ఫోనెందుకు?” అని ఓర్విల్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. బల్ల మీద రెండు చేతులూ పరిచాడు. వేళ్ళు ఒకటీ తిన్నగా లేవు, ఒక్కో వేలు ఒక్కో దిక్కు చూపిస్తుంది. “ఇదంతా పక్కన పెట్టండి. డిసెంబరులో మంచు తుఫాను మ్యాచి ఉందే, అది చెబుతాను వినండి. సరస్సు మీంచి గాలి. ఎలాంటి గాలి? స్టాండ్లలో మనిషి తుమ్మితే ఆ తుమ్ము పార్కింగులోకి కొట్టుకుపోయేది. మేవిస్ ఉంది కదా, అడగండి.”

“గాలి ఉంది,” అంది మేవిస్. “తుమ్ము సంగతి నాకు తెలీదు.”

“చివరి నిమిషం. ఒక్క విసురు పడితే గెలుపు. నా మీదికి ఒకడొచ్చాడు, వాణ్ణి ఎడమచేత్తో పట్టుకున్నాను. రెండోవాడొచ్చాడు, కుడిచేత్తో. మూడోవాడొస్తే కడుపుతో అదిమి కాళ్ళ మధ్య ఇరికించుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి వచ్చింది. మనుషులు సరే, గాలిని ఎవరు ఆపుతారు? అది సరాసరి పిల్లోడి ముఖం మీదికి పోతోంది. ఆ మంచులో వాడి వేళ్ళు బిగుసుకుపోతే బంతి ఎలా విసురుతాడు? అందుకని గాలిని కూడా పట్టుకున్నాను.”

“ఆపరా ఇక,” అన్నాడు హార్లన్. “గాలిని ఎక్కడ పట్టుకుంటావురా?”

“నడుం దగ్గర.” ఓర్విల్ ముఖం కదలలేదు. “గాలికీ నడుముంటుంది. ఎవడైనా ముందుకు తొయ్యాలంటే నడుంలోంచే తోస్తాడు, గాలైనా అంతే. కిందికి వంగి, నడుం వాటేసుకుని, పాదాలు పాతేశాను. అది గింజుకుంది, ఈలలేసింది, ఏడ్చింది. వదల్లేదు. నా ముందు డిసెంబరు. నా వీపు వెనక జూన్ నెల. నిజం, ఒట్టు. నా వెనక మంచు కరిగిపోయింది. గడ్డి లేచింది. ఆ గడ్డి మీద పచ్చటి సీతాకోకచిలుక ఒకటి వచ్చి పిల్లోడి మోచేతి మీద వాలింది. వాడు చేతులు పైకి మడుచుకున్నాడు. చలి లేదు, భయం లేదు, తొందర లేదు. కావలసినంత సేపు నిలబడి, చూసుకుని, విసిరాడు. ఆ బంతి స్టాండ్లు దాటింది, లైట్‌హౌస్ దాటింది, ఈరీ సరస్సు దాటింది. మావాడు దాన్ని పట్టుకోడానికి పడవెక్కాడు. కెనడాలో దిగి పట్టుకున్నాడు. వాడు తిరిగొచ్చేసరికి తర్వాతి సీజను టికెట్లు అమ్ముతున్నారు.”

డ్యూయీ బల్ల మీద తల పెట్టి నవ్వుతున్నాడు. పక్క బల్ల వాళ్ళు కూడా ఇటే తిరిగి వింటున్నారు. ఇంకోసారైతే ఓర్విల్ అక్కడ ఆగి, కప్పు ఎత్తి, తీరిగ్గా ఒక గుక్క తాగేవాడు. ఇవాళ ఆగలేదు. కిటికీ అవతల ఖాళీగా ఉన్న పార్కింగు చూస్తూ, గొంతు తగ్గించి, ఇంకెవరికో చెప్పుకుంటున్నట్టు మాట్లాడాడు.

“బంతిదేముంది. ఆ చెయ్యి చూడాలి. ముందు మోచెయ్యి వస్తుంది, చెయ్యి దాని వెనకాల వస్తుంది. తొందర ఉండదు. కత్తిరించిన గోధుమ మోపు బండి మీదికి వేసేవాడి చెయ్యి ఎలా తిరుగుతుందో అలా తిరుగుతుంది. చివర్లో వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వదులుతాయి, చిటికెనవేలు ముందు, చూపుడువేలు ఆఖరున. బంతి పోయాక కూడా ఆ చూపుడువేలు అటే చూస్తూ ఉండిపోతుంది, పోయినదాన్ని సాగనంపుతున్నట్టు. అంత అందమైనది నేను నా జన్మలో చూడలేదు.”

ఎవరూ నవ్వలేదు. గాలి నడుం పట్టుకున్నప్పుడు నవ్వినవాళ్ళంతా ఇప్పుడు నమ్మారు.

మేవిస్ ఒక్కతే కెటిల్ పట్టుకుని నిలబడిపోయింది.

“నువ్వెలా చూశావు ఓర్విల్?” అంది.

“ఏమిటి?”

“ఆ చెయ్యి. నీ వీపు కదా వాడి వైపు ఉండేది.”

ఆమె ఎగతాళిగా అనలేదు. అప్పుడే తట్టింది, అప్పుడే అడిగింది. డ్యూయీ తలెత్తి ఓర్విల్‌ను చూశాడు. ఇన్నేళ్ళుగా ఈ బల్ల దగ్గర కూర్చున్నా ఆ సంగతి తట్టనందుకు హార్లన్ తన మీద తనే చిరాకుపడ్డట్టు మొహం పెట్టాడు.

“పోనీ తర్వాత సినిమా వేసి చూపిస్తారుగా మీకు,” అన్నాడు హార్లన్, దారి ఇస్తూ.

“మా కోచ్ మా వరస పని అయిపోగానే ఆపేసేవాడు. మా గదిలో ఎప్పుడూ బంతి చెయ్యి దాటేది కాదు.”

“టీవీలో?”

“మా అమ్మాయి పాత మ్యాచిలన్నీ తెచ్చిచ్చింది.” ఓర్విల్ చేతులు బల్ల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “వేసుకుని కూర్చున్నాను. నా కళ్ళు నా కాళ్ళ మీదికే పోతాయి. పాదం సరిగ్గా పడిందా, వాడు లోపలి నుంచి వస్తున్నాడా, బయటి నుంచా. అయ్యో, పట్టుకోరా అనుకుంటాను. అంతలో అయిపోతుంది. మళ్ళీ వెనక్కి తిప్పి, ఈసారి వాణ్ణే చూద్దామనుకుంటాను. మళ్ళీ కాళ్ళే. చూడలేదు. వాడు విసరగా నేను ఒక్కసారీ చూడలేదు.”

సరస్సు మీంచి వచ్చిన గాలి కిటికీ అద్దాన్ని ఊపింది. మేవిస్ కెటిల్ బల్ల మీద పెట్టి, టోపీ ఉన్న కుర్చీ ముట్టుకోకుండా, పక్క బల్ల దగ్గర్నుంచి ఒకటి లాక్కుని కూర్చుంది. పని వేళలో ఆమె కూర్చోగా వాళ్ళెవరూ చూడలేదు.

“నేను సరస్సు వైపు స్టాండులో కూచునేదాన్ని,” అంది. “నాకు నీ ముఖమూ కనపడేది, నీ వెనక వాడూ కనపడేవాడు. మోచేతి సంగతి నువ్వు చెప్పినట్టే ఉండేది. కానీ దానికంటే ముందు ఇంకోటుంది. విసరబోయే ముందు ఎడమ పాదం కొంచెం ఎత్తేవాడు. వేడి పెనం మీద పెట్టి తీసినట్టు.”

“పాదమా?”

“ఎడమ పాదం.”

“ప్రతిసారీనా?”

“ప్రతిసారీ. అది చూడగానే ఇక పడిందనుకుని లేచి నిలబడేదాన్ని.”

“వేడి పెనం మీద,” అన్నాడు ఓర్విల్. ఆయన ఎడమ బూటు బల్ల కింద కొంచెం కదిలింది. “నాకెవరూ చెప్పలేదే.”

కోల్బీ రాన్స్‌డెల్ అప్పుడు వచ్చాడు. కారు చప్పుడు ఎవరూ వినలేదు. తలుపు తెరుచుకుని, జట్టు బొమ్మ ఉన్న కోటులో నెరిసిన జుట్టు మనిషి ఒకడు లోపలికొచ్చి, బూట్ల మంచు దులుపుకుంటూ గది అంతా కలయజూసి, “జెడ్,” అన్నాడు. జెలెంకా అన్న పేరుని ఆ జట్టులో వాళ్ళు తప్ప ఇంకెవరూ అలా పొట్టి చెయ్యరు.

ఓర్విల్ లేవడానికి బల్ల ఊతం కావలసివచ్చింది. ఇద్దరూ కావిలించుకున్నారు. కోల్బీ నుదురు ఇప్పటికీ ఆయన గడ్డం దాకానే వచ్చింది.

“మాంసం అందుతోందా?”

“అందుతోంది. పోయినసారి కొవ్వెక్కువ పంపావు.”

“ఆలస్యమైంది. మా కుర్రాడు…” కోల్బీ ఖాళీ కుర్చీలో ఉన్న టోపీ తీసి హార్లన్‌కిచ్చి అందులో కూర్చున్నాడు. మేవిస్ కప్పు వెల్లకిలా తిప్పి కాఫీ పోసింది. వాడు తాగలేదు. “రేపు మా కుర్రాణ్ణి దింపుతున్నారు జెడ్. పెద్దవాడి భుజం పోయింది. ఇంకో ఏడాది ఆగమన్నాను.”

“ఎవరు వింటారు.”

“ఎవరూ వినలేదు. పొద్దున వాడికి తిండి దిగలేదు. వాణ్ణి చూసి నాకూ దిగలేదు. కాసేపు దగ్గర కూర్చుని వచ్చాను.” కోల్బీ కప్పును రెండు చేతులతో పట్టుకున్నాడు. “రోజంతా వాణ్ణే చూస్తూ ఉంటాను. పాదం ఎక్కడ పడుతోంది, కళ్ళు ఎటు పోతున్నాయి, అన్నీ చూస్తాను, రెప్ప వెయ్యను. రేపు ఆట మొదలయ్యాక మైదానం అంచున ఆ తెల్ల గీత ఇవతల నిలబడాలి. చూడ్డం తప్ప ఏమీ చెయ్యలేను.”

డ్యూయీ, హార్లన్ ఇద్దరూ ఓర్విల్ వైపు చూశారు. ఇలాంటి చోట ఆయన దగ్గర ఒక కోత సిద్ధంగా ఉండాలి. ఆయన బల్ల మీదికి వంగాడు.

“వాడి ఎడమ పక్కన ఎవరు?” అన్నాడు.

“రెండో ఏడాది వాడు. నెమ్మదస్తుడు.”

“తింటాడా?”

“బాగా తింటాడు.”

“అయితే ఫరవాలేదు.”

కోల్బీ నవ్వాడు. కాఫీ ఒక గుక్క తాగాడు.

వాడికి ఎక్కువ తీరిక లేదు. లేచి అందరితో చేతులు కలుపుతుంటే, డ్యూయీ గబగబా బయటికెళ్ళి తన ట్రక్కులోంచి పాత బంతి ఒకటి తెచ్చాడు. దాన్ని చూసి కోల్బీ భుజం నిమురుకున్నాడు. రెండుసార్లు కోసి కుట్టారని, ఇప్పుడు పై అరలో డబ్బా అందుకోవడమే కష్టమని చెప్పాడు.

“ఒక్కటి,” అన్నాడు ఓర్విల్. “నీ ఇష్టం పిల్లోడా. కాస్త దూరం పోతే చాలు. నేను పక్కన నిలబడి చూస్తాను.”

కోల్బీ ఆయన ముఖం చూశాడు. ఎందుకని అడగలేదు. బంతి తీసుకున్నాడు.

పార్కింగులో మెత్తటి మంచు పరుచుకుని ఉంది. కోల్బీ మధ్యలో నిలబడ్డాడు. ఓర్విల్ అడుగులు చూసుకుంటూ వాడి ఎడమ పక్కకు వచ్చి, కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, వాడి ఎడమ బూటు వైపే చూస్తూ నిలబడ్డాడు. మేవిస్ కెటిల్ చేతిలో అలాగే ఉండగా హోటలు మెట్ల మీదికొచ్చింది. కోల్బీ బంతి కుట్ల మీద వేళ్ళు సర్దుకున్నాడు. చెయ్యి వెనక్కి తీశాడు.

హార్లన్‌కి ఏం బుద్ధి పుట్టిందో, సరదాకి రెండు చేతులూ పైకెత్తి, “వస్తున్నా కాసుకో,” అంటూ కోల్బీ ఎడమ పక్క నుంచి పరిగెత్తాడు.

ఓర్విల్ అనుకుని చేసింది కాదు. ఆయన కాళ్ళు తిరిగాయి. జేబుల్లోంచి చేతులొచ్చాయి, నడుం కిందికి దిగింది, వీపు కోల్బీ వైపుకు తిరిగింది, ఆ వంకర వేళ్ళు వెళ్ళి హార్లన్ కోటు మీద పడ్డాయి. హార్లన్ “అమ్మో” అని మంచులో జారి ఆయన చేతుల్లోనే వేలాడాడు.

“తిరగరా,” అని డ్యూయీ అరిచాడు. “ఇటు తిరగరా, విసురుతున్నాడు.”

ఓర్విల్‌కి వినపడింది. కాని పట్టినవాణ్ణి వదిలి వెనక్కి తిరగడం ఆ ఒంటికి ఎవరూ నేర్పలేదు. వెనక బూటు ఒకటి మంచులో నొక్కుకున్న చప్పుడైంది. చిన్న మూలుగు వినపడింది, భుజం నొప్పిది. హార్లన్ భుజం మీంచి ఆయనకు కనపడుతున్నది మెట్ల మీద మేవిస్ ఒక్కతే. ఆమె కళ్ళు పైకి లేచాయి. గడ్డం లేచింది. అది ఇంకా లేస్తూనే ఉంది, హోటలు కప్పు దాటి, దీపస్తంభం దాటి, సరస్సు వైపుకు ఆమె మెడ నెమ్మదిగా తిరిగింది. కోల్బీ విసిరినవన్నీ ఆయన ఎప్పుడూ ఇలాగే చూశాడు, ఎదురుగా ఉన్నవాళ్ళ ముఖాల్లో.

కోల్బీ వెనక నుంచి వచ్చి ఆయన వీపు మీద చెయ్యి పెట్టాడు. “మళ్ళీ విసరనా జెడ్?”

“వద్దు. ఆ చెయ్యి రేపటికి దాచుకో. మీ కుర్రాడి వీపు తట్టాలి.”

కోల్బీ చెయ్యి ఆ వీపు మీద కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత కారెక్కి వెళ్ళిపోయాడు.

లోపలికొచ్చాక హార్లన్ తుంటి రుద్దుకుంటూ చాలాసేపు తిట్టాడు. ఓర్విల్ వినలేదు. మేవిస్ కప్పు నింపుతుంటే నెమ్మదిగా అడిగాడు.

“పాదం ఎత్తాడా?”

“ఎత్తాడు.”

“వేడి పెనం మీద పెట్టినట్టు?”

“అచ్చం అలాగే.”

ఆయన తలూపాడు. కాఫీ వాసన చూసి కింద పెట్టాడు. అప్పుడే తలుపు తోసుకుని డ్యూయీ వచ్చాడు. పోస్టు డబ్బా పక్క మంచు కుప్పలోంచి, మెట్లకు నాలుగు అడుగుల దూరం నుంచి తీసుకొచ్చిన బంతి వాడి కోటు కింద ఎత్తుగా కనపడుతోంది. మేవిస్ చూసింది. వాడు దాన్ని ఇంకొంచెం లోపలికి నొక్కుకుని, గోడ వారగా వెళ్ళి కూర్చున్నాడు.

“మరి ఎంత దూరం పోయింది మేవిస్?” అన్నాడు ఓర్విల్.

మేవిస్ కెటిల్ పొయ్యి మీద పెట్టి, చేతులు తుడుచుకుంది.

“ఇంకా కిందికి దిగలేదు,” అంది.